బొగ్గు దుమ్ము ఊళ్లో కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ ఎంచుకోవడం: నా అనుభవం

మాది మహారాష్ట్రలోని బల్లార్పూర్. నాన్న బొగ్గు గనిలో ఉద్యోగం కోసం మంచిర్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. చంద్రపూర్ జిల్లా ఎండల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, మే నెలలో 46, 47 డిగ్రీలు మాకు మామూలే. ఆ ఎండలో ఏసీ వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని, గడ్‌చాందూర్ రోడ్డులో సిమెంటు లారీని దాటాలంటే మాత్రం చిరాకొస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి బద్ధకంగా కదులుతుంది. నాది 1.2 లీటర్ పెట్రోల్ స్విఫ్ట్, టర్బో లేదు. "కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ పెట్టియ్యి బామ్మర్దీ, బండి ఎగురుతది" అని మా బావ ప్రతి పండక్కీ అంటుండేవాడు. అంటే ఇంజన్‌కి బానెట్ కింది వేడి గాలి బదులు బయటి చల్లగాలి అందించే ఫిల్టర్, పైపు. ఇంజన్ గాలి లాగేటప్పుడు వచ్చే ఆ గుర్రుమనే సౌండ్ నాకూ ఇష్టమే, దాచుకోవడం దేనికి. కానీ డబ్బు పెట్టేముందు అసలు ఎంత లాభమో లెక్క చూసుకోవాలనిపించింది.

లెక్క కష్టమేం కాదు. గాలి వేడెక్కితే పల్చబడుతుంది, అదే సిలిండర్‌లో తక్కువ ఆక్సిజన్ పడుతుంది. 60 డిగ్రీల గాలి బదులు 45 డిగ్రీల గాలి ఇవ్వగలిగితే ఇంజన్‌కి సుమారు నాలుగున్నర శాతం ఎక్కువ గాలి అందుతుంది. నా బండి శక్తి 83 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవరే). అంటే అన్నీ కలిసొస్తే మూడున్నర, నాలుగు పీఎస్. అదీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే. ఊళ్లో తిరిగేటప్పుడు ఇంజన్‌లోకి గాలి వదిలే తలుపు, అదే థ్రాటిల్, సగానికి పైగా మూసే ఉంటుంది కాబట్టి ముందున్న పైపు ఎంత బాగుంటే ఏం లాభం? మైలేజీ పెరుగుతుందని షాపువాళ్లు చెప్పే మాట నేను అక్కడితోనే పక్కన పెట్టేశాను.

తర్వాత తెలుసుకోవాల్సింది, కంపెనీ ఇచ్చిన ఇన్‌టేక్ ఎంత వేడి గాలి పీలుస్తోందన్నది. దీనికి ఈఎల్ఎం 327 అనే చిన్న బ్లూటూత్ అడాప్టర్ చాలు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో పెడితే ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత ఫోన్‌లో కనిపిస్తుంది. బయట 43 ఉన్న మధ్యాహ్నం చంద్రపూర్ రోడ్డు మీద ఎనభైలో పోతుంటే 47, 48 చూపించింది. పేపర్ మిల్లు దగ్గర లారీల వెనక ఇరుక్కుని నిలబడితే 60 దాటింది. మళ్లీ రోడ్డు దొరకగానే మెల్లగా దిగింది. బానెట్ ఎత్తి చూస్తే సంగతి అర్థమైంది. ఒరిజినల్ ఫిల్టర్ డబ్బా మూతి గ్రిల్ వెనకాలే ఉంది, బయటి గాలే లాగుతోంది. అంటే కంపెనీ వాడు బిగించిందే ఒకరకం కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. పరిగెత్తే బండిలో మనం ఇంకా తగ్గించగలిగేది రెండు మూడు డిగ్రీలు.

చాలామంది ఈ కొలత తీసుకోకుండానే ఓపెన్ కోన్ ఫిల్టర్ కొంటారు. నాగపూర్‌లో నేను వెళ్లిన యాక్సెసరీ షాపులో కూడా ముందు చూపించింది అదే. పొట్టి పైపు, చివర ఎర్రటి కోన్, చూడ్డానికి ముచ్చటగా ఉంది. "భావూ, దీనికి హీట్ షీల్డ్ ఉందా?" అని అడిగితే అవసరం లేదన్నాడు. బానెట్ కింద ఇంజన్ పక్కనే మూత లేకుండా కూర్చునే ఫిల్టర్ రేడియేటర్ నుంచి వచ్చే వేడి గాలినే కదా పీల్చేది. పేరుకి కోల్డ్, పీల్చేది వడగాలి. సౌండ్ మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది, కొనేవాళ్లకి నచ్చేది కూడా అదే.

రెండో రకంలో పొడుగు పైపు బంపర్ వెనక్కి, చక్రం పక్కకి దిగుతుంది. ఫిల్టర్ కింద ఉంటుంది కాబట్టి నిజంగానే చల్లగాలి అందుతుంది. కానీ వర్ధా నది పొంగితే రాజురా రోడ్డు ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఫిల్టర్ నీళ్లలో మునిగిందంటే ఇంజన్ నీళ్లు మింగుతుంది. నీళ్లు గాలిలా నొక్కుకుపోవు, పిస్టన్ ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ తీసుకోకపోతే ఇన్సూరెన్స్‌లో ఆ ఖర్చు రావడం కష్టం. వానలు తక్కువ పడే ఊళ్లో ఉంటే ఆలోచించేవాణ్నేమో.

మిగిలింది మూసిన డబ్బా రకం. ఫిల్టర్ చుట్టూ పెట్టె, దాని నుంచి గ్రిల్ దాకా వెడల్పాటి డక్ట్. ఇదే తీసుకుందామని నిర్ణయించుకున్నాక కూడా ఫిల్టర్ దగ్గర ఆగాను. ఆపింది మా మెకానిక్ అన్న. ఆయనది కాగజ్‌నగర్ వైపు. నేను షాపు నుంచి చూపించడానికి తెచ్చిన ఆయిల్ కాటన్ ఫిల్టర్‌ని చేతికి తీసుకుని, షెడ్డులో వేలాడుతున్న బల్బుకి అడ్డంగా పట్టుకుని, "సూడు తమ్మీ" అన్నాడు. మడతల మధ్య అక్కడక్కడా సూది మొనంత వెలుగు చుక్కలు కనిపించాయి. పక్కనే పాత కాగితం ఫిల్టర్ పెట్టాడు. మసక వెలుగే తప్ప చుక్క లేదు. "సాస్తి బొగ్గు లారీల ఎనక తిరిగెటోనివి, నీకు గాలి ఎక్కువ గావాల్నా, దుమ్ము తక్కువ గావాల్నా?" అన్నాడు.

కాటన్ ఫిల్టర్‌లో దుమ్మును పట్టేది ఎక్కువగా ఆ నూనె పూతే. పూత ఎండితే సన్న దుమ్ము లోపలికి పోతుంది. 1.2 లీటర్ ఇంజన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి ఇంచుమించు 3,600 లీటర్ల గాలి లాగుతుంది. అందులో సన్న ఇసుక, బూడిద కొంచెం కొంచెం పోయినా రింగులు, సిలిండర్ గోడలు అరుగుతాయి. అందుకే నూనె అక్కర్లేని సింథటిక్ డ్రై ఫిల్టర్ ఉన్న కిట్టే వెతికాను. ఎయిర్ ఫిల్టర్లని పరీక్షించే ప్రమాణం ఐఎస్ఓ 5011. పెట్టె మీద ఆ పేరు అచ్చువేస్తే చాలదు, ఎంత శాతం దుమ్ము ఆపిందో అంకె కూడా ఉండాలి. ఆ అంకె అడిగితే రెండు షాపుల వాళ్లు మాట మార్చారు. మూడో చోట కాగితం చూపించారు, అక్కడే కొన్నాను.

చట్టం సంగతి కూడా చూసుకున్నాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలాంటి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా ఉంది. ఇన్‌టేక్ గురించి ఆర్సీలో ఒక్క ముక్క ఉండదు. అయినా శబ్దం, పొగ పరిమితి దాటితే అది వేరే సెక్షన్, 10,000 దాకా వదలొచ్చు. మూసిన డబ్బాలో సౌండ్ అదుపులో ఉంటుంది, బిగించాక పీయూసీ కూడా మామూలుగానే వచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టాను. పాత డబ్బా అటక మీద దాచాను, అమ్మేటప్పుడు పనికొస్తుంది.

బిగించేటప్పుడు మెకానిక్ అన్న ఎక్కువసేపు చూసింది బ్రీదర్ పైపుని. ఇంజన్ నుంచి ఇన్‌టేక్‌లోకి వచ్చే ఆ సన్న గొట్టానికి కొత్త పైపు మీద సరైన సైజు మూతి లేకపోతే అక్కణ్నుంచి ఫిల్టర్ చేయని గాలి దూరుతుంది. ఫిల్టర్ దాటిన తర్వాత పైపు లోపలి గోడకి వేలితో పల్చగా గ్రీజు రాసి క్లిప్పులు బిగించాడు. కొన్నాళ్లు గనుల రోడ్డులో తిప్పాక విప్పి, తెల్ల గుడ్డతో ఆ గ్రీజు తుడిచి, వేళ్ల మధ్య రుద్ది చూశాడు. గరగర తగల్లేదు. గుడ్డ మీద నల్ల మరక లేదు.

పికప్? సీట్లో కూర్చుంటే తెలిసేంత తేడా లేదు. ట్రాఫిక్‌లో వేడెక్కిన రీడింగ్ మాత్రం బండి కదలగానే మునుపటికంటే తొందరగా దిగుతోంది. మూడు వేల ఆర్‌పీఎం దాటాక సౌండ్ బాగుంది. నాకది చాలు.

ఇది విని బావ తన టర్బో డీజిల్‌కి కూడా ఇదే కిట్టు తెమ్మన్నాడు. నేను వద్దన్నాను. నా బండిలో గాలిని లెక్కగట్టేది ప్రెజర్ సెన్సర్. ఆయన బండిలో ఫిల్టర్ దాటగానే వేడి తీగతో కొలిచే మాఫ్ సెన్సర్ ఉంది. ఆ సెన్సర్ ఉన్నచోట పైపు వెడల్పు మారితే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్‌కి (ఈసీయూ) తప్పుడు అంకె వెళుతుంది. నూనె ఫిల్టర్ వేస్తే ఆ నూనె తీగకి అంటుకునే ప్రమాదం వేరే. ఆ బండికని చేసిన కిట్టు, సెన్సర్ దగ్గర ఒరిజినల్ కొలతే ఉన్నది దొరికితే అప్పుడు చూద్దామన్నాను. ముందు అడాప్టర్ తగిలించి, మంచిర్యాల ఎండలో రీడింగులు రాసి పంపమని చెప్పాను.