కంటి లోపలి నీటి పరీక్ష

నా కన్ను పెద్దగా ఎర్రబడలేదు, నొప్పీ అంతంతమాత్రమే. సాయంత్రం స్కూటీ మీద వస్తుంటే ఎదురొచ్చే లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపించేవి. చూపిస్తే కుడి కంటి ప్రెజర్ 44. మామూలుగా 21 దాటకూడదు. లోపల వాపు ఉంది, యువైటిస్ అన్నారు. స్టెరాయిడ్ చుక్కలు వేస్తే తగ్గింది, చుక్కలు తగ్గిస్తే మళ్లీ తిరగబెట్టింది. నెలల తరబడి ఇదే వరస.

కారణం తేల్చాలని రక్తపరీక్షలు రాశారు. యువైటిస్‌తో ముడిపడిన జన్యు గుర్తు హెచ్‌ఎల్‌ఏ-బి27 నెగెటివ్. సార్కాయిడోసిస్ (ఒంట్లో చిన్న చిన్న వాపు గడ్డలు కట్టే జబ్బు) కోసం చేసిన ఏసీఈ అనే రక్తపరీక్ష నార్మల్. (బీపీకి ఎనలాప్రిల్ లాంటివి వాడేవాళ్లకి అది తక్కువగా చూపిస్తుందట, నేను వాడను.) సిఫిలిస్ టెస్ట్ పేరు చూసి మా ఆయన మొహం మాడిపోయింది. "యువైటిస్ అంటే అందరికీ రాస్తారండీ" అని ల్యాబ్ అమ్మాయి సర్దిచెప్పింది. టీబీ కోసం చర్మంలోకి సూది వేసి చేసే మాంటూ పరీక్ష మాత్రం ముంజేతి మీద గట్టిగా ఉబ్బింది. అంతే, టీబీ అన్న మాట ఇంట్లో పడింది. మా అత్తయ్య నా గ్లాసు విడిగా పెట్టేసింది.

టీబీ మందులు మొదలుపెట్టే ముందు హైదరాబాద్‌లో యువైటిస్ స్పెషలిస్ట్‌కి చూపించుకున్నాం. "మన దేశంలో పెద్దవాళ్లలో చాలామందికి మాంటూ పాజిటివ్ వస్తుందమ్మా. ఆ క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని అర్థం, కంట్లో ఉందని కాదు" అన్నారు మేడమ్. ఛాతీ సీటీ కూడా శుభ్రంగా ఉంది. ఆవిడ స్క్రీన్ మీద నా కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) ఫొటో చూపించారు. లోపలి గోడకి తెల్లటి చుక్కలు, చిల్లర నాణెంలా గుండ్రంగా చేరి ఉన్నాయి. సీఎంవీ (సైటోమెగలోవైరస్) అనే వైరస్ అని ఆవిడ అనుమానం. దానికి రక్తంలో యాంటీబాడీలు మనలో దాదాపు అందరికీ ఉంటాయి కాబట్టి ఆ పరీక్షతో లాభం లేదట. కంట్లోంచే నీరు తీయాలి.

కంట్లో సూది అంటే టెన్షన్ ఉండదా! మత్తు చుక్కలు, తర్వాత గోధుమరంగు బెటాడిన్, రెప్పలు మూసుకోకుండా క్లిప్పు. సన్న సూది పక్కనుంచి వచ్చింది, కాస్త ఒత్తినట్టు అనిపించింది, అయిపోయింది. తీసింది 0.1 మిల్లీలీటరు. ఆ నీటిలో వైరస్ జన్యుపదార్థం వెతికే పీసీఆర్ పరీక్షలో సీఎంవీ పాజిటివ్.

ఆ వైరస్‌ని అణిచే గాన్‌సైక్లోవిర్ కంటి జెల్ మొదలుపెట్టాక ప్రెజర్ మెల్లగా 16కి దిగింది. వేసుకున్న కాసేపు చూపు మసకబారుతుంది, ట్యూబు ఖరీదూ ఎక్కువే. మానేస్తే కొందరికి తిరగబెడుతుందని ఇంకా వాడమన్నారు. ఏ కొత్త డాక్టర్ ఫైలు తిరగేసినా మాంటూ దగ్గరే ఆగుతారు. నేను వెంటనే పీసీఆర్ కాగితం ముందుకు జరుపుతాను.