నూలు వడికిన చేతులకు నెలకొక పండుగ

నిర్గమకాండం 35వ అధ్యాయం చదువుతూ చాలామంది గబగబా దాటేసే వచనాలు రెండున్నాయి, 25, 26. ఎడారిలో దేవుని ఆరాధనకు వేయబోయే ప్రత్యక్ష గుడారానికి ఏమేం కావాలో మోషే చెప్తాడు. బంగారం, వెండి, ఇత్తడి, తుమ్మకర్ర, తోళ్లు, దీపాలకు నూనె. ప్రజలు తెచ్చి ఇస్తుంటారు. ఆ లెక్కల మధ్యలో, వివేకం గల స్త్రీలందరూ తమ చేతులతో నూలు వడికి తెచ్చారని ఒక మాట వస్తుంది. నీలం, ఊదా, ఎరుపు రంగుల నూలు, సన్ననార నూలు. ఆ వెంటనే, హృదయ ప్రేరణ కలిగిన స్త్రీలు మేక వెంట్రుకలు వడికారని ఉంటుంది.

మేక వెంట్రుకల సంగతి విడిగా ఎందుకు చెప్పాలి? దీనికి యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథమైన తాల్ముదులో పండితులు ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. ఆ స్త్రీలు వెంట్రుకలను కత్తిరించలేదట. మేకల ఒంటి మీద ఉండగానే వడికారట. 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో జీవించిన వ్యాఖ్యాత రాషీ కూడా ఇదే రాసి, అది మామూలు పనితనం కాదన్నాడు. ఒక్కసారి ఆ పనిని కళ్లముందు పెట్టుకోండి. మేక ఒకచోట నిలబడదు. ఒకరు మెడ పట్టుకోవాలి, ఒకరు వెంట్రుకలు చిక్కు తీయాలి, ఇంకొకరు పోగు తెగకుండా కదురు తిప్పాలి. పక్కన నాలుగు చేతులు లేకపోతే ఆ పని సాగదు. వచనంలో ఎక్కడా రాసి లేకపోయినా, అక్కడ కబుర్లు, నవ్వులు, పాటలు ఉండే ఉంటాయని నేను నమ్ముతాను. యూదు స్త్రీల బృందాలు ఈరోజు చేసుకునే సమావేశాల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ వచనమే గుర్తొస్తుంది.

దీనికి ముందు ఇంకో కథ ఉంది. మోషే కొండ దిగడం ఆలస్యమైనప్పుడు, బంగారు దూడ చేయడానికి మీ భార్యల చెవిపోగులు తెమ్మని అహరోను అడిగాడు. స్త్రీలు ఇవ్వమన్నారని, అప్పుడు మగవాళ్లు తమ చెవులకున్నవే తీసి ఇచ్చారని ఒక మిద్రాషు, అంటే లేఖనం మీద యూదు పెద్దలు చెప్పిన వివరణ కథ, చెప్తుంది. ఇదే స్త్రీలు గుడారం అనగానే ముందు నిలబడి ఇచ్చారు. దూడకు ఇవ్వనందుకు దేవుడు వాళ్లకిచ్చిన బహుమానం రోష్ హోదెష్, అంటే నెలపొడుపు పండుగ. ప్రతి నెలా తొలి రోజు అందరికీ పండుగే, కానీ స్త్రీలకు ఇంకాస్త ఎక్కువ. ఆ రోజున పని మానుకునే అలవాటు స్త్రీలకు ఉందనీ, అది పాటించదగ్గ ఆచారమేననీ యెరూషలేము తాల్ముదులో ఉంది. 16వ శతాబ్దంలో కూర్చిన ధర్మశాస్త్ర గ్రంథం కూడా దాన్ని అలాగే నిలబెట్టింది. గుడారాన్ని నిలబెట్టింది కూడా మొదటి నెల మొదటి రోజునే, నిర్గమకాండం 40లో చూడండి.

ఇప్పుడు అసలు విషయం. ఆ రోజున స్త్రీలు మానుకునే పనులు ఏవి? బట్టలు ఉతకడం, కుట్టడం, వడకడం, నేయడం. వంట, రొట్టె కాల్చుకోవడం చేసుకోవచ్చు. అంటే నూలు వడికి గుడారాన్ని నిలబెట్టిన చేతులకు దొరికిన బహుమానం, ఒక రోజు ఆ కదురును పక్కన పెట్టే హక్కు. పని చేసినవాళ్లకు ఇంకో పని అప్పజెప్పలేదు, పొగిడి ఊరుకోలేదు. సెలవిచ్చారు. దేవుని ఇంటికైనా, సంఘానికైనా సేవ చేసే ఆడవాళ్లకు ఏమివ్వాలని ఎవరైనా అడిగితే నేను ఈ ఆచారాన్నే చూపిస్తాను.

ఈ పండుగ చాలా కాలం ఇళ్లల్లోనే నిశ్శబ్దంగా నడిచింది. 1970ల మొదట్లో అమెరికాలో కొందరు యూదు స్త్రీలు నెలకోసారి కలిసి కూర్చోవడం మొదలుపెట్టారు. 1976లో ఆర్లీన్ ఆగస్ దీన్ని స్త్రీల పండుగగా మళ్లీ జరుపుకోవడం గురించి ఒక వ్యాసం రాశారు. అక్కడి నుంచి రోష్ హోదెష్ బృందాలు ఊరూరా పుట్టుకొచ్చాయి. అప్పటికే స్త్రీల సంఘాలు లేవని కాదు. 1893లో షికాగోలో హన్నా సోలమన్ మొదలుపెట్టిన యూదు స్త్రీల జాతీయ మండలి ఉంది. 1912లో న్యూయార్కులో పూరీము పండుగ రోజుల్లో హెన్రియెట్టా జోల్డ్, తోటి స్త్రీలు కలిసి పెట్టిన హదస్సా ఉంది. అవి విరాళాలు పోగుచేశాయి, ఆసుపత్రులు నడిపాయి. నెలపొడుపు బృందం అంత పెద్దది కాదు. పది పదిహేను మంది, ఒకరి ఇల్లు, ఒక వచనం, చేతులకు ఏదో ఒక పని, తర్వాత తినడం. నా మనసు మాత్రం ఈ చిన్నదాని వైపే ఉంటుంది.

ఈ సమావేశాలు ఏర్పాటు చేసే స్త్రీకి ముందు కావలసింది క్యాలెండరు తెలియడం. ఏ నెలకు ఆ నెల రుచి వేరు. తిష్రీ తొలి రోజు యూదుల సంవత్సరాదే కాబట్టి ఆ నెలకు విడిగా సమావేశం పెట్టక్కర్లేదు. అదారు వస్తే ఉల్లాసం పెంచుకోవాలని పెద్దల మాట, ఆ నెలలో వేషాలు, పాటలు, నాటకాలు ఎన్నయినా పెట్టుకోవచ్చు. ఆవ్ నెల తొలి రోజుతో దేవాలయ నాశనాన్ని తలుచుకునే తొమ్మిది రోజులు మొదలవుతాయి. మాంసం, ద్రాక్షారసం మానుకునే రోజులవి. అప్పుడు సంగీతం పెట్టి పార్టీ అంటే మనసులు నొచ్చుకుంటాయి. విలాపవాక్యాలు చదువుకుని మెల్లగా మాట్లాడుకుంటే చాలు. నీసాను తొలి రోజుకల్లా పస్కాకు ఇల్లంతా పులిసినది లేకుండా శుభ్రం చేసే హడావిడి నడుస్తుంటుంది. ఆ వారంలో పిండి కలిపే కార్యక్రమం పెట్టడమంటే టెన్షన్‌లో ఉన్న మనిషికి ఇంకో టెన్షన్ తెచ్చిపెట్టడమే. ఆ నెల ఒక గంట కూర్చుని టీ తాగి వెళ్లిపోవడమే మంచి ప్లాను. నెల మొదటి రోజు విశ్రాంతి దినమైన సబ్బాతున పడితే శనివారం చీకటి పడ్డాకో ఆదివారమో కలుసుకుంటారు.

కుట్టుపని, అల్లికలు ఇష్టపడే బృందానికి ఇక్కడో చిక్కు వస్తుంది. కుట్టు మానాల్సిన రోజునే కుట్టు సమావేశం ఎలా పెడతాం? పని మానే ఆచారాన్ని గట్టిగా పాటించేవాళ్లు ఉంటే, నెలపొడుపు నాడు చదువు, పాట, భోజనం పెట్టుకుని సూదిపనికి ఇంకో సాయంత్రం చూసుకోవాలి. రెండు రోజులు అవుతాయని కొందరు విసుక్కుంటారు. నా మటుకు నాకు ఈ విడదీయడంలోనే పండుగ అర్థం ఉందనిపిస్తుంది.

ఆ ఇంకో సాయంత్రం చేయదగ్గ పనులకు యూదు స్త్రీల చేతిపని చరిత్రలో కొదవే లేదు. జర్మనీ ప్రాంతపు యూదుల్లో ఒక అలవాటు ఉండేది. ఎనిమిదో రోజున బిడ్డకు సున్నతి చేసేటప్పుడు చుట్టిన బట్టను తల్లి ఉతికి, పొడుగ్గా చీల్చి, ఒకదానికొకటి కలిపి పట్టీలా కుట్టేది. దాని మీద బిడ్డ పేరు, పుట్టిన తేదీ, వీడు ధర్మశాస్త్రానికి, పెళ్లిపందిరికి, మంచి పనులకు ఎదగాలనే దీవెన రంగు దారాలతో కుట్టేవారు. పిల్లాణ్ని సమాజమందిరానికి తీసుకెళ్లేటప్పుడు ఆ పట్టీని ధర్మశాస్త్రపు చుట్టను కట్టడానికి ఇచ్చేవారు. బిడ్డ ఒంటికి తగిలిన గుడ్డ లేఖనం ఒంటికి చుట్టుకుంటుంది. ఆ పని చేసిన తల్లి గురించి ఎక్కడా పెద్దగా రాసి ఉండదు, ఆమె కుట్లు మాత్రం కొన్ని మ్యూజియంల అద్దాల వెనక ఇప్పటికీ కనిపిస్తాయి. పది మంది కలిసి ఇలాంటి పట్టీ ఒకటి కుట్టుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మన దక్షిణాదిలోనే, కొచ్చిన్ యూదు స్త్రీలు మలయాళంలో పాటలు కట్టుకుని, నోటుపుస్తకాల్లో చేత్తో రాసుకుని, తల్లి నుంచి కూతురికి అందించుకున్నారు. పెళ్లిళ్లలో, పండుగల్లో గుంపుగా పాడేవారు. 1950ల్లో చాలామంది ఇజ్రాయెల్‌కు వెళ్లిపోయాక అవి మూలన పడ్డాయి, తర్వాత అక్కడే కొందరు పెద్దవాళ్లు ఆ పుస్తకాలు తీసి మళ్లీ పాడారు. ఒక సాయంత్రం అంతా ఇలా అమ్మమ్మల పాటలు పాడించి ఫోన్‌లో రికార్డు చేసుకుంటే అదే గొప్ప కార్యక్రమం. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగే మాతృభాషగా ఉండి యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిం కుటుంబాలు కూడా ఉన్నాయి. నెలపొడుపు స్తుతికీర్తనలు 113 నుంచి 118 వరకు తెలుగులో చదివితే ఎంత కమ్మగా ఉంటాయో తెలుగు బైబిలు చదివే ఎవరికైనా తెలుసు.

ఈ రోజుల్లో ఎక్కువగా జరిగేది హల్లా చేసే సాయంత్రం. జడలా అల్లిన సబ్బాతు రొట్టె అది. బల్లల మీద గిన్నెలు, పిండి, ఈస్టు, గుడ్లు, నూనె సర్ది ఉంటాయి. పిండి కలిపి ఉబ్బనిచ్చాక అసలైన ఘట్టం వస్తుంది. సంఖ్యాకాండం 15వ అధ్యాయంలో, మొదటి పిండి ముద్దలో కొంత దేవునికి ప్రతిష్ఠించమని ఉంది. సుమారు 1.7 కిలోల పొడిపిండితో కలిపినదైతే దీవెన పలికి, నిమ్మకాయంత కూడా లేని చిన్న ముద్ద తుంచి పక్కన పెడతారు. చుట్టూ ఉన్నవాళ్లు ఆమేన్ అంటారు. ఆ ముద్దను అల్యూమినియం కాగితంలో చుట్టి కాల్చేస్తారు, తినరు. ఆ క్షణంలో జబ్బుతో ఉన్నవాళ్ల పేర్లు, పెళ్లి కావలసినవాళ్ల పేర్లు, బిడ్డ కోసం ఎదురుచూసేవాళ్ల పేర్లు పలికి ప్రార్థిస్తారు.

ఇక్కడ ఏర్పాట్లు చేసేవాళ్లు రెండు చూసుకోవాలి. తలా ఒక చిన్న గిన్నె ఇస్తే ఎవరి పిండీ ఆ కొలతకు రాదు, దీవెన ఎలా పలకాలో ముందే రబ్బీని, అంటే యూదు మతగురువును, అడిగి పెట్టుకోవాలి. రెండోది ఇంకా ముఖ్యం. బిడ్డ కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న స్త్రీ ఆ గదిలోనే ఉండొచ్చు. ఆమె పేరు పైకి చదవమంటుందో వద్దంటుందో ముందే పక్కకు పిలిచి అడగాలి. చీటీల మీద పేర్లు రాసి గిన్నెలో వేయించి, ఎవరివో చెప్పకుండా ప్రార్థిస్తే అందరికీ నిశ్చింత. తల్లినో తండ్రినో పోగొట్టుకుని ఏడాది తిరగనివాళ్లు సంగీతం ఉన్న వేడుకలకు రారు. వాళ్ల కోసం చదువుతో గడిచే సమావేశం ఒకటైనా ఆ ఏడాదిలో ఉండాలి. తిండి విషయంలో అందరి ఇళ్ల నియమాలు ఒకేలా ఉండవు. ఎవరింటి నుంచి వండి తెచ్చినా తినలేనివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. పండ్లు, యూదుల ఆహార నియమాలకు సరిపోయినట్టు చూపే కోషర్ ముద్ర ఉన్న సీలు ప్యాకెట్లు, కాగితం పళ్లాలు పెడితే ఎవరూ మొహమాటపడి ఆకలితో వెళ్లరు.

తిండి గురించి ఇంత పట్టింపు ఎందుకంటారా? పూర్వం యెరూషలేములో నెలపొడుపు చూసినవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్తేనే నెల మొదలైనట్టు ప్రకటించేవారు. ఆ సాక్షుల కోసం ఒక పెద్ద ఆవరణ ఉండేది, అక్కడ వాళ్లకు మంచి విందులు పెట్టేవారు. మళ్లీ మళ్లీ రావడం అలవాటు కావాలని అలా చేసేవారని యూదు పెద్దల మాటల ప్రాచీన సంకలనమైన మిష్నా చెప్తుంది. ఆకాశంలో చంద్రుణ్ని చూసి వచ్చినవాడికి కూడా భోజనం పెట్టి పిలుచుకోవాలని పెద్దలకు తెలుసు.

అలంకారాలు, ఫొటోలు, మెహందీ, బొమ్మలు వేయడం లాంటివి పెడితే ఇది భక్తా, కాలక్షేపమా అని అడిగేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. వాళ్లకు నిర్గమకాండం 38:8 చూపించాలి. యాజకులు కాళ్లు చేతులు కడుక్కునే ఇత్తడి గంగాళం స్త్రీల అద్దాలతో చేసింది. ఆ అద్దాలు తీసుకోవడానికి మోషే మొదట ఇష్టపడలేదనీ, సోకుల వస్తువులని తోసేయబోయాడనీ రాషీ రాస్తాడు. దేవుడు ఒప్పుకోలేదు. అన్నిటికంటే ఇవే నాకు ప్రియమైనవి అన్నాడు. ఐగుప్తులో వెట్టిచాకిరితో నలిగిపోయిన భర్తలకు ఆ స్త్రీలు అన్నం పట్టుకెళ్లి, పక్కన కూర్చుని అద్దంలో ఇద్దరి ముఖాలూ చూపించి, నీకంటే నేనే అందంగా ఉన్నానంటూ ఆటపట్టించి, వాళ్లలో ప్రాణం నింపారట. ఒక జాతి నిలబడింది ఆ అద్దాల వల్ల. కాబట్టి స్త్రీలు అందంగా తయారై వచ్చి నవ్వుకునే సాయంత్రాన్ని ఎవరూ తక్కువ చేయనక్కర్లేదు.

అయితే ఆ గది సర్దిన ఇద్దరు ముగ్గురు స్త్రీలు నవ్వలేకపోతే మాత్రం ఏదో తప్పు జరిగినట్టే. ప్రతి బృందంలోనూ వాళ్లుంటారు. కుర్చీలు వాళ్లే వేస్తారు, సామాన్లు వాళ్లే తెస్తారు, అందరూ వెళ్లాక గిన్నెలు వాళ్లే కడుగుతారు. నిర్గమకాండం 36లో దీనికి మందుంది. ప్రజలు తెచ్చింది అవసరానికి మించిపోతే, ఇక ఏ పురుషుడూ ఏ స్త్రీ కూడా తేవద్దని మోషే పాళెమంతా చాటించాడు. స్త్రీలను ప్రత్యేకంగా కలిపి చెప్పాడు. ఆపకపోతే వాళ్లు ఆగేవాళ్లు కాదు మరి. 35వ అధ్యాయం కూడా గుడారం పనికంటే ముందు సబ్బాతు ఆజ్ఞతోనే మొదలవుతుంది, దేవుని ఇల్లు కట్టే పనైనా ఆ రోజున ఆగాల్సిందే. కాబట్టి ఏడాది ప్లాను రాసేటప్పుడు ప్రతి నెలా ఇల్లు మారాలి, ఈ నెల సర్దినవాళ్లు వచ్చే నెల ఉత్తి చేతులతో రావాలి. ఎవరైనా ఇంకో వంటకం, ఇంకో ఆట, ఇంకో అలంకారం అంటుంటే, చాలమ్మా అని చెప్పే పెద్దామె ఒకరుండాలి.

ఇక నేను మరీ ఇష్టపడే సమావేశం తెవేతు నెలది. అది యూదులు ఎనిమిది రాత్రులు దీపాలు వెలిగించే హనుక్కా పండుగ రోజుల్లో వస్తుంది. ట్యునీషియా, లిబియా వంటి ఉత్తరాఫ్రికా దేశాల యూదు స్త్రీలు ఆ రాత్రిని కూతుళ్ల పండుగగా చేసుకునేవారు. శత్రు సేనానిని మట్టుపెట్టిన యూదు వీరవనిత యూదీతును తలుచుకునేవారు, తల్లులు కూతుళ్లకు కానుకలిచ్చేవారు, మిఠాయిలు పంచుకునేవారు. మాట్లాడుకోవడం మానేసిన ఆడపిల్లలు ఆ రోజున రాజీ పడేవారు. దీపాలు వెలుగుతున్నంతసేపు స్త్రీలు పని చేయరాదనే ఆచారం హనుక్కాలోనూ ఉంది కాబట్టి, కనీసం అరగంట ఎవరూ వంటింట్లోకి వెళ్లే పని లేదు. ఆ నెల పిలుపులు మొదలుపెట్టేటప్పుడు, పోయినేడు ఏదో మాటపట్టింపుతో రావడం మానేసిన ఆమెకు మొదటి ఫోను చేయండి.