పై సా నుంచి కింది సా దాకా

మా పాలకొల్లు వైపు డిసెంబరు వచ్చిందంటే సార్వా కోతలు అయిపోయి దాళ్వా నారుమళ్ళ పని నడుస్తుంటుంది, రాత్రయితే మేము మంచులో నక్షత్రం పట్టుకుని క్యారల్స్‌కి ఇంటింటికీ తిరుగుతుంటాం. 'జాయ్ టు ద వరల్డ్' చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు పాడానో లెక్కలేదు. డప్పుల హోరులో పరుగెత్తించడమే తప్ప ఏనాడూ సరిగ్గా వినలేదు.

మొన్న ప్రాక్టీసులో హార్మోనియం దగ్గర నేను కూర్చోవాల్సి వచ్చింది. తడబడుతుంటే పెదనాన్న, "కంగారెందుకే అమ్మాయ్, ఒక్కో మెట్టూ దిగు" అన్నారు. దిగాను. స ని ద ప మ గ రి స. శంకరాభరణం రాగం అవరోహణ, అంటే పైనుంచి కిందికి దిగే క్రమం! ఒక్క స్వరం వదలకుండా, వరస తప్పకుండా, మొదటి లైనంతా అదే.

ఇప్పుడు మాటలు కలిపి పాడుకోండి: 'జాయ్ టు ద వరల్డ్, ద లార్డ్ ఈజ్ కమ్'. 'జాయ్' పై సా మీద ఉంది, 'వరల్డ్' పా మీద కాసేపు ఆగుతుంది, ప్రభువు వచ్చాడని చెప్పే ఆ 'కమ్' సరిగ్గా కింది సా మీదకి చేరుతుంది. దిగడం ఎక్కడ పూర్తయిందో అక్కడే వచ్చాడన్న మాట. ఆ వెంటనే 'లెట్ ఎర్త్ రిసీవ్ హర్ కింగ్' దగ్గర ట్యూన్ పా అందుకుని దా, నీ మీదుగా మళ్ళీ పై సాకి ఎక్కుతుంది. మన పెళ్ళిళ్ళలో ఎదురుకోలుకి వెళ్ళినట్టు భూమి తన రాజుకి ఎదురెళ్తోంది!

ఇంగ్లండు కవి ఐజాక్ వాట్స్ ఈ మాటల్ని బైబిల్లోని 98వ కీర్తన ఆధారంగా రాసి 1719లో అచ్చు వేయించాడు, అందుకే ఇందులో పశువుల తొట్టి గానీ బేత్లెహేము గానీ కనిపించవు. ఈ ట్యూన్‌ని మాటలకి జత చేసింది అమెరికాలో లోవెల్ మేసన్, అదీ 1830లలో. వందేళ్ళు దాటాక కూడా మాట దిగేచోట స్వరం దిగిందంటే, అతను ఆ మాటల్ని ఎంత శ్రద్ధగా విని ఉండాలి.

ఆ రాత్రే 'సైలెంట్ నైట్' కూడా మెల్లగా వాయించాను. 1818 క్రిస్మస్ ముందురోజు ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్‌లో గిటారుతో మొదటిసారి పాడిన పాట. ప ద ప గ, ప ద ప గ అని ఉయ్యాల ఊగుతూ మొదలవుతుంది. చివర్లో 'స్లీప్ ఇన్ హెవెన్లీ పీస్' (పరలోక శాంతిలో నిద్రపో) అనేచోట 'హె' మీద పాటంతటికీ పై స్వరం పడుతుంది, తారస్థాయి మా, అంటే పై సా కన్నా పైనున్న మా. జర్మన్‌లో కూడా అక్కడ పరలోకమనే మాటే ఉంది. తర్వాత అవే మాటలు రెండోసారి వస్తూ కింది సా దాకా దిగిపోతాయి, పాటలో అంతకన్నా కింద స్వరం లేదు. బిడ్డ నిద్రపోయాడు.

ఈసారి మొదటి చరణం డప్పులు లేకుండా, నిదానంగా పాడదామని కుర్రాళ్ళని అడిగాను. సరేనన్నారు. రేపు కాలవ గట్టు మీద మొదటి ఇంటి నుంచే.