302 నుంచి 304 దాకా: మా తమ్ముడి కేసులో నా అనుభవం

హత్య కేసు అనగానే ఎవరైనా అడిగేది ఒకటే, "చేశాడా, చేయలేదా?" అని. మా తమ్ముడి కేసులో కోర్టు తేల్చాల్సింది అది కాదు. వాడు వేసిన దెబ్బకే మనిషి పోయాడు. చంపాలనే కొట్టాడా అన్నదొక్కటే మిగిలిన ప్రశ్న. అప్పటి శిక్షాస్మృతి (ఐపీసీ)లో ఉరి లేదా యావజ్జీవం పడే 302 సెక్షన్‌కీ, పదేళ్ళు మించని 304 రెండో భాగానికీ తేడా అంతా అక్కడే ఉంది.

2022లో గుంటూరు పక్కన మా ఊళ్ళో మిరప చేలకు నీళ్ళు పెట్టుకునే వంతు దగ్గర గొడవ. అవతలి మనిషి పరాయివాడు కాదు, మా పాలివాడే, వరసకు అన్న. మాటా మాటా పెరిగింది. ఆయన కర్రతో తమ్ముడి భుజం మీద కొట్టాడు. వీడు గట్టు మీదున్న పార అందుకుని కామ వైపు నుంచి ఒక్క దెబ్బ వేశాడు. అది తలకు తగిలింది. పెద్దాసుపత్రిలో మర్నాడు రాత్రి ఆయన చనిపోయాడు. ఆ ఇంటి వదిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. తమ్ముడి తరఫున తిరుగుతూనే ఆమె గురించి బాధపడ్డాను. రెండూ నిజమే.

మొదట 307 (హత్యాయత్నం) కింద కట్టిన కేసును, మనిషి పోయాక సెక్షన్ మార్పు మెమో వేసి 302 (హత్య) చేశారు. తమ్ముణ్ణి అరెస్టు చేసి, ఆసుపత్రిలో పరీక్ష చేయించి మేజిస్ట్రేట్ గారి ముందు పెట్టారు. ఆ పరీక్ష కాగితంలో "ఎడమ భుజం మీద కమిలిన గాయం" అని రాసి ఉంది. అప్పుడు మాకెవరికీ అది పెద్ద విషయంగా అనిపించలేదు.

ఇక ఊళ్ళో సలహాలు మొదలయ్యాయి. "వాడు ఆ రోజు మిర్చి యార్డులో ఉన్నాడని ఇద్దరితో చెప్పిద్దాం" అని ఒకాయన. "రాజీ చేసుకుంటే కేసు పోతుంది" అని ఇంకొకాయన. అరండల్‌పేటలో మేం పెట్టుకున్న లాయరు గారు రెండూ వినీ వినగానే కొట్టిపారేశారు. "302లో రాజీకి చట్టం ఒప్పుకోదమ్మా. ఇక అక్కడ లేడని చెప్పామనుకోండి, గొడవ అప్పటికప్పుడు జరిగిందని మళ్ళీ ఏ మొహంతో చెప్తాం? ఉన్నది ఉన్నట్టు నాకు చెప్పండి. ఏది చెప్పాలో, ఏది వాళ్ళతో రుజువు చేయించాలో నేను చూసుకుంటా" అన్నారు. కేసు దారిలో పడింది ఆ రోజే అని నా నమ్మకం.

ఫీజు కోసం అర ఎకరం తాకట్టు పెట్టాం. కానీ ములాఖత్‌కి వచ్చే ఒక పెద్దామె కొడుక్కి జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి లాయరును ఇచ్చారు. జైల్లో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి చట్టమే చెబుతోంది. చేతిలో డబ్బు లేదని ఎవరూ లాయరు లేకుండా రిమాండ్‌లో ఉండిపోనక్కర్లేదు.

ఇలాంటి కేసులో 90 రోజుల్లోపు ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. మాకు గడువులోపే వేశారు. తర్వాత సెషన్స్ కోర్టు ఇద్దరు జామీనుదార్ల మీద, ఆదివారం ఆదివారం స్టేషన్లో సంతకం పెట్టాలన్న షరతు మీద బెయిలు ఇచ్చింది.

ఛార్జిషీటుతో పాటు సాక్షుల వాంగ్మూలాలు, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు అన్నీ ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి. ఆ కట్ట నేను రాత్రిళ్ళు కూర్చుని చదివాను. పోలీసుల ముందు తమ్ముడు నేరం ఒప్పుకున్నట్టు నాలుగు పేజీలు చూసి నాకు చెమటలు పట్టాయి. అది సాక్ష్యంగా చెల్లదని లాయరు గారు చెప్పారు. పార ఎక్కడుందో చూపించాడన్న ముక్క మాత్రం సాక్ష్యాధారాల చట్టం 27వ సెక్షన్ కింద నిలుస్తుందట. అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. తమ్ముడు ఇంటికి పరిగెత్తి పార తెచ్చి కొట్టాడని ఛార్జిషీటులో రాశారు. అది నిలిస్తే మా వాదన మొత్తం పోతుంది.

ఎందుకంటే మేం నమ్ముకున్నది, ఏది హత్యో చెప్పే 300వ సెక్షన్‌లోని నాలుగో మినహాయింపును. ముందస్తు ఆలోచన లేకుండా, అప్పటికప్పుడు పుట్టిన గొడవలో, ఆవేశంలో జరిగి ఉండాలి. కొట్టినవాడు అవతలివాడి నిస్సహాయతను వాడుకుని ఉండకూడదు, క్రూరంగా ప్రవర్తించి ఉండకూడదు. ముందు ఎవరు చెయ్యి చేసుకున్నారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. "ఒక్క దెబ్బే కదా సార్" అని నేనంటే, "ఒక్క దెబ్బకే 302 పడిన కేసులున్నాయమ్మా, 1958 విర్సా సింగ్ తీర్పు చూపిస్తారు పీపీ (ప్రభుత్వ లాయరు) గారు" అన్నారు లాయరు గారు.

మేజిస్ట్రేట్ కోర్టులో నంబరు పడి, అక్కణ్ణించి కేసు సెషన్స్ కోర్టుకు బదిలీ (కమిట్) అయ్యి, ట్రయల్ మొదలయ్యేసరికి చాలా కాలం పట్టింది. ఆ వాయిదాల గురించి రాయడానికేమీ లేదు. మిరపకాయలు కోసే కూలీ ఒకామె మొదటి సాక్షి. లాయరు గారు గొంతు పెంచలేదు.

"పొద్దున తమ్ముడు చేలోకి ఏం తెచ్చుకున్నాడమ్మా?"

"నీళ్ళు కట్టడానికి పార తెచ్చుకున్నాడండి."

"గొడవప్పుడు అది ఎక్కడుంది?"

"గట్టు మీదే ఉందండి."

అంతటితో కూర్చున్నారు. ఇంకా అడగరేంటి అని నాకు ఒకటే టెన్షన్. తర్వాత డాక్టరు గారు తలకు గాయం ఒక్కటేనని, పార మొన తగిలిన ఆనవాళ్ళు లేవని చెప్పారు. దర్యాప్తు అధికారిని భుజం గాయం గురించి అడిగితే, దాని మీద విచారణ చేయలేదన్నారు. ముద్దాయి ఒంటి మీది గాయాన్ని ప్రాసిక్యూషన్ వివరించలేకపోతే అది వాళ్ళ కథనానికి దెబ్బేనని 1976లో సుప్రీంకోర్టు లక్ష్మీ సింగ్ కేసులో చెప్పింది. మేం పట్టించుకోని ఆ కాగితం అలా పనికొచ్చింది.

302 రుజువు కాలేదని జడ్జి గారు తీర్పు చెప్పారు. చంపాలన్న ఉద్దేశం లేదు గానీ, తల మీద అలా కొడితే ప్రాణం పోవచ్చని తెలిసే కొట్టాడని 304 రెండో భాగం కింద దోషిగా తేల్చారు. శిక్ష గురించి విడిగా వాదన విన్నారు. వయసు, పాత కేసులు లేకపోవడం, ఇద్దరు పిల్లలు, అన్నీ చెప్పుకున్నాం. ఐదేళ్ళు పడింది. రిమాండ్‌లో గడిపిన కాలం అందులోంచి మినహాయించారు.

2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయసంహిత వచ్చాక 302 స్థానంలో 103, 304 స్థానంలో 105 వచ్చాయి. మా సంఘటన అంతకు ముందుది కాబట్టి పాత సెక్షన్లే వర్తించాయి. ఆ తేదీ తర్వాత జరిగినవైతే కొత్త నంబర్లతోనే చూసుకోవాలి.

జైలుశిక్ష పడిన ముద్దాయికి తీర్పు కాపీ వెంటనే ఉచితంగా ఇవ్వాలి. మాకు ఆ సాయంత్రమే ఇచ్చారు. అప్పీలుకు గడువు 60 రోజులే కాబట్టి మర్నాడే నేలపాడు హైకోర్టులో చేసే లాయరుకు పంపాం. శిక్ష తగ్గించమని అప్పీలు, అది తేలేదాకా శిక్ష నిలిపేసి బెయిలు ఇమ్మని పిటిషను, రెండూ కలిపి వేశాం. పిటిషను వచ్చే వారం విచారణకు వస్తుంది.