అన్నమయ్య పాటలో కాపీరైట్ ఎక్కడుంది?

తిరుపతిలో సంగీతం నేర్చుకునే పిల్లలు కీర్తన పాడి యూట్యూబ్‌లో పెడతారు. మర్నాటికల్లా కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. ఇంట్లోవాళ్లు అడిగే మాట ఒకటే: "ఐదొందల ఏళ్ల కిందటి పాటకు కాపీరైటేంటి?" ఆ కోపంలో న్యాయం ఉంది. అయితే చట్టానికి ‘పాట’ అనే ఒక్క వస్తువు తెలియదు. సాహిత్యం, బాణీ, పాడిన తీరు, రికార్డు అని నాలుగు పొరలుగా చూస్తుంది. ఒక్కో పొరకు ఒక్కో యజమాని, ఒక్కో గడువు. దేశం దాటితే ఆ గడువులూ మారిపోతాయి. ప్రభుత్వం తరఫున కాపీరైట్ విధానం చూసే న్యాయవాదుల పనిలో పెద్ద భాగం ఈ పొరలు విడదీయడమే. ఢిల్లీలో చట్టంలోకి ఎక్కిన ఒక అంకె ఇక్కడి గాయకుడి మీద ఎలా పడుతుందో అలా విడదీస్తేనే కనబడుతుంది.

సాహిత్యంతో మొదలుపెడదాం. అన్నమయ్య కాలం 1408–1503. తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీది మాటలకు ఇవాళ యజమాని అంటూ ఎవరూ లేరు, ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. ఆ రేకులను చదివి పుస్తకంగా తెచ్చిన పరిష్కర్త సంగతేమిటంటే, 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: శ్రమ, ఖర్చు ఒక్కటే చాలవు, కొంతైనా సృజన ఉండాలి. అందువల్ల పీఠిక, తాత్పర్యం, పాదసూచికలు పరిష్కర్తవి. మూల పాఠం మాత్రం జనానిది. పీఠికతో సహా పేజీలకు పేజీలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

అసలు చిక్కు బాణీలో ఉంది. రాగిరేకుల మీద కీర్తనకు రాగం పేరు ఉంటుంది గానీ స్వరం ఉండదు. ఇవాళ కచేరీల్లో వినే బాణీల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో, ఆ తర్వాత కట్టినవి. రాగం ఎవరి సొత్తూ కాదు. ఆ రాగంలో ఈ పల్లవికి ఇలా అని కట్టిన బాణీ మాత్రం కట్టినవారిదే. తిరుపతిలో ఉండి ఎన్నో కీర్తనలను స్వరపరచిన రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారు 1979లో కాలం చేశారు. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి 60 ఏళ్లు అనేది మన లెక్క. ఆ లెక్కన ఆయన బాణీల మీద హక్కు 2039 డిసెంబర్ 31 దాకా నడుస్తుంది. యజమాని ఆయన వారసులా, ఆయనతో పనిచేయించిన సంస్థా అన్నది మాత్రం కాగితాలు చూసి తేల్చాల్సిన సంగతి.

ఆ కాగితాల్లో ఏం చూడాలో చెబుతాను, ఎక్కువ ఫైళ్లు తప్పుదారి పట్టేది ఇక్కడే కాబట్టి. స్వరకర్త జీతం మీద ఉన్న ఉద్యోగి అయితే 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17(సి) ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి యజమాని సంస్థే. సంభావన తీసుకుని బయటినుంచి కట్టిచ్చినవారైతే సంస్థకు దానంతటదే ఏ హక్కూ రాదు. డబ్బిచ్చి చేయించుకున్నవాడే యజమాని అని చెప్పే 17(బి) ఫొటో, చిత్రపటం, సినిమా వంటి వాటి గురించి మాట్లాడుతుంది తప్ప సంగీతం ఊసెత్తదు. రాతపూర్వకంగా, సంతకంతో హక్కు బదలాయింపు జరిగి ఉండాలి. "మేం డబ్బిచ్చాం, వోచర్ ఉంది" అనే జవాబు ఫైళ్లలో తరచుగా కనబడుతుంది. వోచర్ బదలాయింపు కాదు.

ఇక 17(డీడీ) ఉంది, 1983 సవరణతో వచ్చింది. చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ ఆధ్వర్యంలో తయారైన రచనకు ఆ సంస్థే మొదటి యజమాని. అప్పుడు గడువు లెక్కే మారిపోతుంది: 28ఏ ప్రకారం ప్రచురించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. 1985లో అచ్చైన ఒక బాణీని తీసుకోండి. స్వరకర్త 2010లో పోయారు. ఆయన సొంత రచన అయితే హక్కు 2070 దాకా, సంస్థ రచన అయితే 2045 దాకా. ఒకే స్వరానికి పాతికేళ్ల తేడా. అందుకని ఫైలు మీద ‘హక్కు ఉంది’ అని రాసే ముందు నియామక పత్రం, సంస్థను స్థాపించిన చట్టం, మొదటి ముద్రణ తేదీ, ఈ మూడూ చేతిలో ఉండాలి.

స్వరలిపి ఉందా లేదా అన్నది ఇంకో మెలిక. 1957 చట్టంలోని మొదటి నిర్వచనం ప్రకారం కాగితమెక్కిన స్వరమే సంగీత రచన. 1977లో సంగీతకర్తల, గీత రచయితల హక్కుల సంఘమైన ఐపీఆర్‌ఎస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దీన్ని ఎత్తిచూపారు: మన సంగీతానికి ప్రాణం గాత్రంలో ఉంటే చట్టం మాత్రం రాసిపెట్టిన స్వరాన్నే కాపాడుతోందని. పార్లమెంటు ఆ మాట విని చట్టం మార్చడానికి 1994 దాకా పట్టింది. ఆ సవరణ (అమలు 1995 మే 10 నుంచి) నిర్వచనంలోంచి ‘రాసి ఉండాలి’ అన్న షరతు తీసేసింది, గాయకులకూ వాద్యకారులకూ మొదటిసారి హక్కు ఇచ్చింది. ఆ హక్కు మొదట 25 ఏళ్లు, 1999 సవరణతో 50 ఏళ్లయింది. 1995కు ముందున్న ఆ షరతువల్ల పాతరోజుల్లో గురువు నోట శిష్యుడికి అందిందే తప్ప పుస్తకానికి ఎక్కని బాణీ మీద హక్కు చెప్పుకోవడం చాలా కష్టం. స్వరంతో అచ్చైన మొదటి పుస్తకం ఏదో వెతకడం అందుకే అంత ముఖ్యం.

రికార్డు లెక్క తేలిక. విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. 1965లో వచ్చిన గ్రామఫోన్ రికార్డు మీద హక్కు 2025 డిసెంబర్ 31తో సరి. అయితే రికార్డు గడువు ముగిసినంత మాత్రాన అందులోని బాణీ గడువు ముగియదు, ఈ రెంటినీ కలిపేయకూడదు.

ఇక యూట్యూబ్ సంగతి. క్లెయిమ్ రాగానే అది ఏ పొర మీద వచ్చిందో చదవాలి. ‘సౌండ్ రికార్డింగ్’ అని ఉండి, పాడింది మీరే, తంబురా మీదే అయితే వెంటనే డిస్ప్యూట్ పెట్టండి. ఒకే బాణీ, ఒకే శ్రుతి అయితే యంత్రం పొరబడుతుంది. క్లెయిమ్ చేసినవారికి జవాబివ్వడానికి 30 రోజులుంటాయి. ‘మెలొడీ’ లేదా కంపోజిషన్ అని ఉంటే మాత్రం తొందరపడొద్దు, బాణీ ఎవరిదో ముందు చూసుకోండి. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వల్ల ఆదాయం పోవచ్చు, స్ట్రైకులు మూడైతే ఛానలే పోవచ్చు. మన చట్టంలో దీనికి వేరే దారి ఉంది: 52(1)(సి), 2013 నిబంధనల్లో 75వ నిబంధన. ఫిర్యాదు అందిన 36 గంటల్లో యూట్యూబ్ వంటి మధ్యవర్తి సంస్థ ఆ ప్రసారాన్ని ఆపాలి. 21 రోజుల్లో ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ పెట్టేయవచ్చు. వేదికలు మాత్రం ఎక్కువగా అమెరికా చట్టం ప్రకారం తయారైన తమ సొంత పద్ధతినే నడుపుతాయి.

రికార్డు కంపెనీల (లేబుళ్ల) క్లెయిముల్లో మరో బలహీనత పాత ఒప్పందాలది. క్యాసెట్ల కాలంలో రాసుకున్న పత్రంలో ఇంటర్నెట్ మాట ఉండదు. 2012 సవరణ సెక్షన్ 18కి చేర్చిన షరతు ప్రకారం, ఒప్పందం నాటికి లేని మాధ్యమాన్ని పేరుపెట్టి రాయకపోతే ఆ మాధ్యమానికి బదలాయింపు చెల్లదు. దాన్ని పాత పత్రాలకు వెనక్కి వర్తింపజేయాలని చూడకండి. పాత పత్రాన్ని దాని మాటలతోనే చదవాలి. 1995 తర్వాతి వాటికి 19వ సెక్షన్ అండ ఉంది: కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఐదేళ్లతో ముగిసిన హక్కు మీద ఇప్పటికీ క్లెయిములు వేస్తున్నవారున్నారు.

గుడిలో, పెళ్లిలో పాడితే? 52(1)(జడ్‌ఏ) మినహాయింపు ఉంది. నిజమైన మతపరమైన వేడుకలో సాహిత్యం, సంగీతం, రికార్డు, దేన్ని వినిపించినా ఉల్లంఘన కాదు. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర సామాజిక వేడుకలు కూడా ఇందులోకే వస్తాయని వివరణ చెబుతోంది. కల్యాణ మండపాల దగ్గర లైసెన్సు డబ్బు అడుగుతున్నారన్న ఫిర్యాదుల మీద కేంద్రం 2023 జులై 24న పబ్లిక్ నోటీసు కూడా ఇచ్చింది. ఈ మినహాయింపు వినిపించడానికే. అదే పెళ్లి వీడియోకు రికార్డు అతికించి ఆన్‌లైన్‌లో పెడితే అది వేరే పని, దానికి ఈ రక్షణ లేదు.

ఇలాంటి మినహాయింపు రాసేటప్పుడు ప్రభుత్వ న్యాయవాది అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందమైన బెర్న్‌లోని 9(2), ప్రపంచ వాణిజ్య సంస్థ మేధోహక్కుల ఒప్పందమైన ట్రిప్స్‌లోని 13వ అధికరణం ఎదురుగా పెట్టుకుని మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఇది పరిమితమైన ప్రత్యేక సందర్భమేనా? రచన మామూలుగా అమ్ముడయ్యే దారికి అడ్డొస్తోందా? హక్కుదారుకు అకారణంగా నష్టం చేస్తోందా? ‘సామాజిక వేడుకలు’ అన్న మాటను ఎంత దూరం లాగితే రెండో ప్రశ్న దగ్గర అంత ఇబ్బంది. హోటల్లో డీజే పెట్టుకున్న రాత్రికీ, మండపంలో మాంగల్యధారణ వేళకూ ఒకే కొలత వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మన దేశం అంతర్జాతీయంగా నడిచిన తీరు కూడా తెలుసుకోదగ్గది. ముందు ఇంటి చట్టం, తర్వాత ధ్రువీకరణ. 1961లో గాయకుల, రికార్డుల హక్కుల గురించిన రోమ్ ఒప్పందం మీద సంతకం చేశాం, ధ్రువీకరించనే లేదు. చూపులేనివారికి పుస్తకాలు అందించే మినహాయింపులను 2012లోనే చట్టంలో పెట్టుకుని, మరాకేష్ ఒప్పందాన్ని 2014 జూన్‌లో ప్రపంచంలో అందరికన్నా ముందు ధ్రువీకరించాం. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ (వైపో) ఇంటర్నెట్ ఒప్పందాలు రెంటిలో 2018లో చేరాం, దానికి కావలసిన సవరణలూ 2012వే. ఈ వరస తిరగబడితే ఒప్పందంలోని మాటకు చట్టాన్ని హడావిడిగా అతకాల్సి వస్తుంది, ఆ అతుకు కోర్టులో విడిపోతుంది.

ఇప్పుడు గడువు గురించి. బెర్న్, ట్రిప్స్ అడిగేది రచయిత మరణం తర్వాత 50 ఏళ్లే. మనం 1992లో 60 చేసుకున్నాం, రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు 1991తో ముగుస్తున్నందుకు. ఒక్క మహాకవి కోసం చేసిన ఆ మార్పు తిరుపతి బాణీల మీదా పడింది. 2029తో అందరివీ కావలసినవి 2039కి జరిగాయి. ఐరోపా, అమెరికాల ప్రమాణం 70. వాణిజ్య చర్చల్లో 70 అనే అంకె బల్ల మీదికి వచ్చిన ప్రతిసారీ, రాళ్లపల్లి వారి బాణీల విషయంలో దానర్థం 2049 అని గుర్తుంచుకోవాలి. ఆ పదేళ్ల వల్ల ఆయన కొత్తగా ఒక్క కీర్తననూ స్వరపరచలేరు. ఆ బాణీలు నేర్చి, పాడి, బతికించే పిల్లలకు మాత్రం పదేళ్లు అనుమతుల కోసం తిరగాల్సి వస్తుంది. గడువు పెంచడానికి నేను గట్టిగా వ్యతిరేకిని.

పైగా మనం పెంచకపోయినా బయట మన పాట కొన్నిచోట్ల బందీయే. ఐరోపా యూనియన్ తక్కువ గడువు సూత్రం (పుట్టిన దేశంలో గడువు ముగిస్తే తమ దగ్గరా ముగిసినట్టే) పాటిస్తుంది కాబట్టి మన బాణీ అక్కడా 2039తో విడుదలవుతుంది. అమెరికా ఆ సూత్రం పాటించదు. 1996 జనవరి 1 నాటికి మన దేశంలో హక్కు బతికున్న పాత ప్రచురణలకు అక్కడ ప్రచురణ నుంచి 95 ఏళ్లు. 1960లో స్వరంతో అచ్చైన బాణీ అక్కడ 2055 చివరిదాకా హక్కులోనే ఉంటుంది. డాలస్‌లో పాడే తెలుగు పిల్లకూ తిరుపతిలో పాడే పిల్లకూ జవాబు ఒకటి కాదు.

ఇందులో రాష్ట్ర ప్రభుత్వ న్యాయవాది చేయగలిగింది పరిమితం. కాపీరైట్ కేంద్ర జాబితాలో 49వ అంశం, రాష్ట్రం చట్టం చేయడానికి వీల్లేదు. వేడుకల్లో సంగీతం మీద గోవా ప్రభుత్వం ఇచ్చిన సర్క్యులర్‌ను 2024లో బాంబే హైకోర్టు గోవా బెంచ్ కొట్టేసింది. అయితే కేంద్రం సంప్రదింపుల నోటీసు ఇచ్చినప్పుడు రాష్ట్రమూ, సంగీత కళాశాలలూ, సంస్థలూ అభిప్రాయం పంపవచ్చు. "కళాకారుల ప్రయోజనాలు కాపాడాలి" అని రెండు పేజీలు రాస్తే ఎవరూ చదవరు. ఏ సెక్షన్, ప్రస్తుతం ఉన్న వాక్యం, మీరు కోరే వాక్యం, అది పైన చెప్పిన మూడు ప్రశ్నలకు ఎలా నిలుస్తుంది, ఇవి వరసగా రాయాలి. దానికి ఒక పట్టిక జతచేయాలి: కీర్తన, స్వరకర్త, ఆయన మరణించిన ఏడు, స్వరంతో అచ్చైన ఏడు, మొదటి రికార్డు ఏడు, ఇప్పటి గడువు, ప్రతిపాదన వల్ల మారే గడువు. తిరుపతిలో ఆ సమాచారం సంగీత గురువుల బీరువాల్లో, పాత స్వరపుస్తకాల మొదటి పేజీల్లో ఉంది. నోటీసు వచ్చాక 30 రోజుల్లో ఆ పట్టిక తయారుకాదు, ఇప్పుడే మొదలుపెట్టాలి.