తెగిన పడుగు పోగును సాంచె తానే పట్టుకునేలా చేయడం: ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు జరిగిన పని

మా బావకు సిరిసిల్ల బి.వై.నగర్‌లో 8 సాంచెలు (మరమగ్గాలు) ఉన్నాయి. నేను హన్మకొండలో ఎలక్ట్రికల్ పనులు చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా కరీంనగర్ మీదుగా అక్కడికి వెళ్లి, వాటిలో ఒకదాని మీద ఈ ప్రయోగం చేస్తున్నాను. పడుగులో (బట్టలోని నిలువు పోగుల్లో) ఒక్క పోగు తెగినా సాంచె తనంతట తాను ఆగిపోవాలన్నది నా ఉద్దేశం. మామూలు మరమగ్గానికి పేక (అడ్డపోగు) తెగినా, కండె (పేక నూలు చుట్టిన పుల్ల) అయిపోయినా ఆపే ఫోర్కు ఉంటుంది కానీ, పడుగు పోగు తెగితే ఆపే ఏర్పాటు ఉండదు. ఆ కాపలా అంతా సాంచె నడిపే మనిషి కళ్లదే. ఒకే మనిషి 8 సాంచెలు చూసుకుంటున్నప్పుడు, నాలుగో సాంచె దగ్గర కండె మార్చి తలెత్తేసరికి ఏడో సాంచె మీద పోగు తెగి, దాని కొస పక్క పోగులకు చుట్టుకొని, జానెడు బట్ట మీద గీత పడిపోయి ఉంటుంది. ఆ చిక్కు గట్టిపడితే పక్కనున్న మంచి పోగులు కూడా అయిదారు తెగుతాయి. అప్పుడు బట్టను వెనక్కి విప్పి, ఒక్కొక్క పోగునే ముడివేసి, హీల్డు (పోగును పైకీ కిందికీ కదిపే తీగ) కంట్లోంచి, ఫణి (పేకను బట్టలోకి నెట్టే దువ్వెన) లోంచి మళ్లీ లాగాలి. మీటరు లెక్కన కూలి తీసుకునే మనిషికి ఆ అరగంట ఎవరూ కట్టివ్వరు.

ప్రయోగానికి తీసుకున్న సాంచె మీద లంగాలకు వాడే నూలు గ్రే (ఇంకా రంగు వేయని) బట్ట నడుస్తుంది. పన్నా (బట్ట వెడల్పు) 48 అంగుళాలు, పడుగు 40 నంబరు నూలు, అంగుళానికి 44 పోగులు. అంటే మొత్తం 2,112 పోగులు. సాంచె వేగం నిమిషానికి సుమారు 130 పేకలు.

ఏప్రిల్ రెండో వారం

ఎంచుకున్న పద్ధతి కొత్తదేమీ కాదు. ప్రతి పడుగు పోగు మీద ఒక పలుచని ఉక్కు రేకును వేలాడదీస్తారు. మిల్లుల్లో దీన్ని డ్రాపర్ అంటారు. పోగు బిగువుగా ఉన్నంతసేపు రేకు దాని మీద నిలిచి ఉంటుంది, పోగు తెగితే కింద పడుతుంది. రేకుల మధ్య గాడి గుండా అడ్డంగా ఒక పట్టీ వెళ్తుంది. ఆ పట్టీ నిజానికి రెండు లోహపు ముక్కలు: బయట యు ఆకారపు కాలువ, దాని లోపల కరెంటు తగలకుండా వేరుచేసిన సన్నని బద్ద. పడిన రేకు ఆ రెంటినీ కలిపితే సర్క్యూట్ పూర్తవుతుంది. 1890లలో అమెరికాలో వచ్చిన నార్త్రప్ మగ్గంలో కండె తానే మారే ఏర్పాటుతో పాటు పడుగు తెగితే ఆగే ఏర్పాటు కూడా ఉండేది. జపాన్‌లో సాకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన జి రకం మగ్గం కూడా పోగు తెగితే తానే ఆగేది, 1929లో దాని హక్కులను ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ కొనుక్కుంది. తానే ఆగగలిగిన మగ్గాన్ని గంటల తరబడి కళ్లార్పకుండా చూస్తూ నిలబడాల్సిన పని లేదన్న ఆలోచన అంత పాతది. మన సాంచెల దగ్గరికి మాత్రం అది ఇంకా పూర్తిగా రాలేదన్నదే నన్ను ఈ పనిలోకి దింపింది.

డ్రాపర్లు తుక్కు దుకాణంలో కిలోల లెక్కన దొరికాయి. ఒక్కొక్కటి 165 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు, 0.2 మిల్లీమీటర్ల మందంతో దాదాపు 2 గ్రాములు తూగుతుంది. 2,112 పోగులకు 4.2 కిలోలు చాలు కానీ, వంగినవి తీసివేయాల్సి వస్తుందని 5 కిలోలు తీసుకున్నాను. వాటితో పాటు 4 పట్టీలు కూడా దొరికాయి. రేకుల్లో రెండు రకాలుంటాయి. మూసిన రకమైతే పడుగు ఎక్కించేటప్పుడే పోగును దాని కంట్లోంచి లాగాలి. కింద తెరిచి ఉన్న రకాన్ని సాంచె మీద నడుస్తున్న పడుగుకే పైనుంచి తొడగవచ్చు. నేను కొన్నవి తెరిచిన రకం కాబట్టి భీము (పడుగు చుట్టిన రోలరు) అయిపోయేదాకా ఆగనవసరం లేకపోయింది.

మే మొదటి వారం

రేకులన్నింటినీ కిరోసిన్‌లో నానబెట్టి, తుడిచి, ఎండబెట్టాము. తొడగడానికి అక్క, నేను కూర్చుంటే రెండు రోజులు పట్టింది. ఒక్కో పోగునే వేలితో కొద్దిగా పైకెత్తి, రేకును దాని మీద దించి, తరువాతి పోగుకు తరువాతి వరుసలోని (తరువాతి పట్టీ మీది) రేకును వేయాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్లీ ఒకటి. వరస తప్పితే రెండు పోగులు ఒకదానినొకటి దాటి రాసుకుంటాయి. అక్క చిన్నప్పటి నుంచి పడుగు పట్టిన మనిషి కాబట్టి ఆమె చేయి నా కంటే మూడింతలు వేగంగా నడిచింది. నేను వేసిన వాటిలో తప్పులను కూడా ఆమే చూపు ఆనించి పట్టుకుంది.

నడిపిన మొదటి రెండు రోజులు పోగులు మునుపటి కంటే ఎక్కువగా తెగాయి. తెగిన కొసలను భూతద్దం కింద పెట్టి చూస్తే అవి ఒక్కసారిగా తెగినట్లు లేవు, నూగు లేచి, సన్నబడి, ఆ తరువాత తెగినట్లున్నాయి. ఆ పోగుల మీది రేకులను తీసి, పోగు ఆనే వంపులో ఒక నూలు దారాన్ని అటూ ఇటూ లాగి చూశాను. కొన్నింటిలో అది ఎక్కడో పట్టుకుని ఆగుతోంది. పాత తుప్పు ఊడిపోయిన చోట వెంట్రుక మందం పదును మిగిలిపోయిందన్నమాట. మొత్తం రేకులను తీయకుండానే ఒక్కొక్కదాన్నీ దారంతో పరీక్షించి, పట్టుకున్న 70కి పైగా రేకులను మార్చేశాము. పాత డ్రాపర్లు కొనేవారెవరైనా ఈ పరీక్షను తొడగక ముందే చేసుకోవాలి. నేను చేయలేదు, ఆ రెండు రోజుల కూలి నష్టం సాంచె నడిపే అన్నకు పడింది. దాన్ని నేను కట్టిచ్చాను.

మే చివర, జూన్

పోగు తెగిందని తెలిసిన తరువాత సాంచెను ఆపడం ఎలా అన్నది రెండో ప్రశ్న. మోటారుకు కరెంటు తీసేస్తే చాలదు; తిరుగుతున్న బరువు వల్ల సాంచె ఇంకా చాలా పేకలు వేస్తూనే పోతుంది. సాంచెను నడిపే, ఆపే హ్యాండిల్ దాని గాడిలోంచి జారితేనే సాంచె వెంటనే ఆగుతుంది. మొదట, కరెంటు ఇస్తే ఇనుప కడ్డీని కదిపే ఒక పెద్ద సోలినాయిడ్‌తో హ్యాండిల్‌నే నెట్టించాను. హ్యాండిల్ స్ప్రింగు బిగువుకు అది సగం సార్లు ఓడిపోయింది, గెలిచిన సార్లు చేయి పెట్టలేనంత వేడెక్కింది.

సాంచె పక్కన కూర్చుని పేక ఫోర్కు పనిని గంటసేపు చూసిన తరువాత దారి దొరికింది. పేక లేనప్పుడు ఫోర్కు తోక, సుత్తి అనే ఊగే లివరు కొక్కేనికి తగులుకుంటుంది. సుత్తి రెండు పేకలకు ఒకసారి వెనక్కి కదులుతూ, ఆ కదలికతోనే ఫోర్కు పట్టును లాగి హ్యాండిల్‌ను తప్పిస్తుంది. అంటే హ్యాండిల్‌ను తప్పించే బలం సాంచెలోనే ఉంది, ఫోర్కు చేసేది ఆ బలాన్ని హ్యాండిల్ వైపు కలపడం మాత్రమే. అందువల్ల సుత్తికీ ఫోర్కు పట్టుకూ మధ్య ఖాళీలోకి దిగే ఒక చిన్న ఇనుప చీలికను తయారు చేయించి, దాన్ని దించే పనిని మాత్రమే చిన్న సోలినాయిడ్‌కు అప్పగించాను. చీలిక దిగితే సుత్తి దాన్ని నెడుతుంది, మిగతా పని సాంచెదే. పేక ఫోర్కు తన పని తాను యథావిధిగా చేసుకుంటోంది. ఈ మార్పు తరువాత ఆగమన్నప్పుడు ఆగకపోవడం ఒక్కసారి కూడా జరగలేదు.

జూలై

వానలు మొదలైన మొదటి వారంలోనే సాంచె ఊరికే ఆగడం మొదలైంది. ఒక 12 గంటల షిఫ్టులో 23 సార్లు ఆగితే, అందులో నిజంగా పోగు తెగింది 9 సార్లే. బావ ఆ రోజు ఉన్న మాట చెప్పాడు: "ఉత్తగ ఆగితె మీటరు ఎట్ల ఎల్తది, బామ్మర్దీ? ఉత్తగ ఆగుడు కన్న ఆగకపోవుడే నయం." ఆ మాట నాకు ఈ పని మొత్తానికి కొలతయింది. తెగిన పోగును గుర్తించడం కష్టం కాదు, తెగని పోగును తెగిందని అనుకోకుండా ఉండటమే కష్టం. పది సార్లు ఊరికే ఆగిన సాంచెకు పనివాడు పదకొండోసారి వైరు పీకేస్తాడు, అలా చేయడం న్యాయమే.

ఊరికే ఆగడానికి కారణాలు రెండని తేలింది. మొదటిది చెమ్మ. పడుగుకు పట్టించిన గంజి పొడిపొడిగా రాలి, దూది నూగుతో కలిసి పట్టీలోని బద్ద పక్కన పేరుకుంటుంది. వానాకాలపు గాలికి ఆ పొర తడిసి సన్నగా కరెంటును దాటనిస్తుంది. మల్టీమీటరుతో కొలిస్తే పొడి రోజున అసలు సూచన లేని చోట వాన రోజున 20 కిలో ఓముల దగ్గర చూపించింది. నేను మొదట 5 వోల్టుల మీద 10 కిలో ఓముల రెసిస్టరుతో నేరుగా ఆర్డునో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకు ఇచ్చాను కాబట్టి ఆ మాత్రం లీకేజీకే పిన్ను అటూ ఇటూ ఊగింది. ఇప్పుడు పట్టీలకు 24 వోల్టులు ఇస్తున్నాను. ఇది చేయి తగిలినా ప్రమాదం లేని వోల్టేజీ, పైగా నూగు పొరను దాటి కూడా రేకుకు గట్టిగా తగులుతుంది. వరుసలో 2.2 కిలో ఓముల అర వాటు రెసిస్టరు, ఆ తరువాత పిసి817 ఆప్టోకప్లర్ (సంకేతాన్ని వెలుతురుతో అవతలికి పంపే చిప్పు), దాని లోపలి ఎల్‌ఈడీకి సమాంతరంగా 220 ఓముల రెసిస్టరు పెట్టాను. కీలకం ఈ 220 ఓములే. దాదాపు 5 మిల్లీ ఆంపియర్లు దాటేదాకా కరెంటంతా దాని గుండానే పోతుంది, ఎల్‌ఈడీ వెలగదు. చెమ్మ వల్ల వచ్చే లీకేజీ 1 మిల్లీ ఆంపియరు చుట్టూ ఉంటుంది, రేకు నిజంగా పడితే 10 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఈ రెంటి మధ్య ఇప్పుడు పొరపాటుకు చోటు లేదు.

రెండో కారణం వదులు పోగు. భీము మీద సరిగా బిగవని పోగు, పడుగు తెరుచుకుని మూసుకునే ప్రతిసారీ ఒక క్షణం సడలి, దాని రేకు పట్టీని తాకి మళ్లీ లేస్తుంది. పోగు తెగి నిజంగా పడిన రేకు కూడా సాంచె అదురుకు ఎగిరెగిరి పడుతూ మధ్య మధ్య తాకుడు వదిలేస్తుంది. అందువల్ల తాకిందా లేదా అని ఒక్క క్షణం చూస్తే లాభం లేదు. సాంచె ప్రధాన ఇరుసైన క్రాంకు షాఫ్టుకు ఒక అయస్కాంతం, దాని ఎదురుగా ఆ అయస్కాంతాన్ని గుర్తించే హాల్ సెన్సరు బిగించి, ఒక్కో చుట్టును ఒక్కో లెక్కగా తీసుకున్నాను. ఒక చుట్టుకు (అంటే ఒక పేకకు) దాదాపు 460 మిల్లీ సెకన్లు, 2 మిల్లీ సెకన్లకు ఒకసారి చూస్తే 230 చూపులు. వదులు పోగు ఆ చూపుల్లో 10 నుంచి 20 శాతం వరకే తాకుతుంది, తెగిన పోగు రేకు 80 శాతానికి తగ్గదు. 65 శాతం దాటిన చుట్టులు వరుసగా రెండు వస్తేనే చీలిక దిగాలని పెట్టాను. లెక్కను గడియారంతో కాక చుట్టుతో ముడిపెట్టడం వల్ల వోల్టేజీ తగ్గి సాంచె నెమ్మదించినా శాతం మారదు. సాంచె ఆగి ఉన్నప్పుడు, మనిషి పోగు ముడివేస్తున్నప్పుడు కదిలే రేకులు కూడా లెక్కలోకి రావు. రెండు చుట్టుల ఆలస్యానికి సుత్తి వంతు మరో రెండు పేకలు కలిపినా మొత్తం 4 పేకలు, అంగుళానికి 40 పేకలు పడే ఈ బట్టలో అది రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే.

ఆగస్టు

సాంచె సరిగ్గా ఆగుతోంది కానీ, తెగిన పోగు ఎక్కడుందో వెతకడానికి సమయం పోతోందని సాంచెలు నడిపే అన్న చెప్పాడు. "తమ్మీ, లైటు వెలిగితె ఏ వరసనో తెలుస్తది గని, ఆ వరసల ఏ పోగో నేనే దేవులాడుకోవాలె." అప్పటికి వరుసకు ఒక లైటే ఉంది, ఒక వరుసలో 528 రేకులున్నాయి. పట్టీలోని లోపలి బద్దను సరిగ్గా మధ్యలో కోసి, కుడి సగాన్నీ ఎడమ సగాన్నీ వేరు చేసి, ఒక్కో సగానికి ఒక్కో ఆప్టోకప్లరూ లైటూ ఇచ్చాను. ఇప్పుడు 8 లైట్లు ఉన్నాయి, వెతకాల్సింది 264 రేకుల్లో. అన్న నేర్చుకున్న ఉపాయం ఇంకా బాగుంది: ఫోను టార్చిని రేకుల తలల ఎత్తులో పక్కనుంచి పట్టుకుంటే, సమంగా మెరిసే గీతలో పడిన రేకు ఉన్న చోట మాత్రమే నల్లని సందు కనిపిస్తుంది. నేను చూస్తుండగా లైటు వెలిగినప్పటి నుంచి పోగు ముడిపడి సాంచె మళ్లీ నడిచేదాకా ఒకటిన్నర నిమిషం పట్టింది.

ఆగస్టు మూడో వారంలో ఒక షిఫ్టంతా పక్కనే కూర్చుని పుస్తకంలో రాసుకున్నాను. సాంచె 11 సార్లు ఆగింది, 10 సార్లు నిజంగానే పోగు తెగింది. మిగిలిన ఒక్కసారి రెండు రేకుల మధ్య నూగు ఉండలాగా చిక్కుకుని ఒకదాన్ని కిందికి లాగింది. ఇవి కాక ఆగకుండా తప్పిపోయినవి 2. రెండింటిలోనూ పోగు ఫణి దగ్గర తెగి, గంజి పట్టిన కొస పక్క పోగుకు అతుక్కుపోవడంతో రేకు పడకుండా వేలాడుతూనే ఉంది. బరువు రేకులు వేస్తే ఇవి కూడా పడతాయేమో కానీ, ఆ బరువుకు బలహీనమైన పోగులు తెగుతాయి కాబట్టి ఈ నూలుకు నేను ఆ దారి పట్టదలచుకోలేదు. దానికి బదులు షిఫ్టు మారేటప్పుడు కంప్రెసర్ గాలితో రేకుల నూగును ఊదేసి, పట్టీలను పొడిగుడ్డతో తుడిచే అలవాటు పెట్టాము. గాలిని ఎప్పుడూ వెనుక నుంచి ముందుకు కాక పక్కకు ఊదాలి, లేకపోతే నూగంతా హీల్డుల్లోకి పోయి కూర్చుంటుంది.

ఇప్పటిదాకా పాత రేకులు, పట్టీలు, చీలిక చేయించిన లేతు కూలి, ఎలక్ట్రానిక్ సామాను అన్నీ కలిపి 4,600 రూపాయలు అయ్యాయి. పనికిరాకుండా పోయిన పెద్ద సోలినాయిడ్ కూడా అందులోనే ఉంది. బావ పక్క సాంచెకు కూడా పెట్టమన్నాడు. దాని మీద పాలిస్టర్ నడుస్తుంది కాబట్టి నూగు, గంజి బాధ తక్కువే కానీ, స్థిర విద్యుత్తుతో పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, నున్నని పోగు మీద ఈ రేకులు ఎలా నిలుస్తాయో చూడాలి. దసరా తరువాత ఆ సాంచెకు కొత్త భీము ఎక్కుతుంది. ఈసారి రేకులన్నింటినీ ముందుగానే దారంతో పరీక్షించి డబ్బాల్లో సర్ది ఉంచాను.