పప్పులో కాలేశాను

నిన్న సాయంత్రం జరిగింది, ఇంకా చెవులు వేడిగానే ఉన్నాయి.

జిమ్‌లో చేరిన మూడో రోజే ట్రైనర్, "అంకుల్, మీరు 70 కిలోలు. రోజుకు 140 గ్రాముల ప్రోటీన్ పడాల్సిందే" అంటూ పౌడర్ డబ్బా చూపించాడు. ధర వినగానే ఆ 140 ఎక్కడిదో తేల్చాలని పంతం పట్టాను.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టిక దొరకడం పది నిమిషాల పని. కిలో బరువుకు 0.83 గ్రాములు, అంటే నాకు 58. కానీ పక్కనే 0.66 అని ఇంకో అంకె! రెండు రోజులు బుర్ర తిన్నది. 0.66 సగటు మనిషి అవసరమట, దాదాపు అందరికీ సరిపోయేలా పెంచితే 0.83. ప్రోటీన్‌లో ఉండే నైట్రోజన్ ఒంట్లోకి వెళ్లింది ఎంత, మలమూత్రాల్లో పోయింది ఎంత అని కొలిచి తేల్చిన లెక్కలివి. చెమటలో, జుట్టులో పోయేది సరిగ్గా దొరకదు కాబట్టి అసలు అవసరం ఇంకాస్త ఎక్కువేనని వాదించేవాళ్లూ ఉన్నారు. బరువులెత్తేవాళ్ల మీద జరిగిన 49 ప్రయోగాలను 2018లో కలిపి చూస్తే, కిలోకు 1.6 గ్రాములు, అంటే నా బరువుకు 112, దాటాక కండ పెద్దగా పెరగలేదు. అంటే ట్రైనర్ సగం కరెక్టే. ఆ సగం నేను బయటికి చెప్పలేదు.

నా తిండి లెక్క ప్రింట్ తీసుకెళ్లి అందరి ముందూ చదివాను. "పప్పు రెండు పూటలా వంద గ్రాముల చొప్పున, వందకు 22 గ్రాముల ప్రోటీన్, అదే 44!" ట్రెడ్‌మిల్ మీదున్న కాలేజీ అమ్మాయి నెమ్మదిగా అడిగింది: "అంకుల్, 22 అనేది వండని కందిపప్పుకి కదా?"

అంతే. వండని పప్పు వంద గ్రాములు ఉడికిస్తే మా ఇంట్లో నలుగురికి సరిపోతుంది. నా వాటాకు వచ్చేది పూటకు ఐదారు గ్రాములు. ట్రైనర్ నవ్వు వీధి చివరికి వినిపించి ఉంటుంది.

ఇంటికొచ్చి కాటా పెట్టుకుని అన్నం, పప్పు, పెరుగు అన్నీ తూచాను. "ఇన్నేళ్లకు వంటింట్లోకి వచ్చారు" అంది మా ఆవిడ. రోజు మొత్తం తిండీ కలిపితేనే 44 గ్రాముల ప్రోటీన్ తేలింది. రెండు గుడ్లు, గుప్పెడు సెనగలు కలిపితే 58 దాటుతుంది. మీరూ లెక్క వేస్తే ముందు పచ్చిదా, వండినదా చూసుకోండి. కిడ్నీ సమస్య ఉంటే నా మాట, ట్రైనర్ మాట రెండూ వదిలేసి డాక్టర్ని అడగండి.

డబ్బా మాత్రం కొనలేదు. ఇవాళ పొద్దున వెళ్తే "రండి, కందిపప్పు అంకుల్" అన్నాడు.